జూన్‌లో పిల్లల్ని తీసుకుని నేపాల్‌లో బడి కట్టడానికి వెళ్లొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా: డల్లాస్‌లో ఉంటారు. పాపకి 15, బాబుకి 9. జూన్ చివర్లో హైదరాబాద్ వస్తున్నారు. అక్కణ్ణించి రెండు వారాలు నేపాల్ వెళ్లి, కొండ ఊళ్లో బడి కట్టే పనిలో నలుగురూ సాయం పట్టాలనుకుంటున్నారు. ఒక సంస్థ మనిషికి 1,200 డాలర్లు అడుగుతోంది, తిండీ వసతీ వాళ్లదే. వెళ్లొచ్చా, పిల్లలకి ప్రమాదం ఉంటుందా, మనవల్ల అక్కడివాళ్లకి నిజంగా ఉపయోగమేనా అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. జూన్, జులైల్లో వెళ్లొద్దు. మీ చేత, పిల్లల చేత గోడ కట్టించే ప్యాకేజీ అయితే ఏ నెల్లోనూ వెళ్లొద్దు. డిసెంబరు సెలవుల్లో వీలు చేసుకుని, మీకు చేతనైన పని ఏదో ఆ బడికి పనికొచ్చేలా ముందే మాట్లాడుకుని వెళ్తానంటే మాత్రం తప్పకుండా వెళ్లండి. కారణాలు కింద రాస్తున్నాను, కాస్త పొడుగే.

నా సంగతి రెండు ముక్కల్లో. సివిల్ ఇంజనీర్ని, సొంతూరు తెనాలి దగ్గర. 2015 భూకంపం తర్వాత గోర్ఖా, సింధుపాల్‌చోక్ జిల్లాల్లో బళ్లు తిరిగి కట్టే పనుల్లో సైటు ఇంజనీరుగా కొన్నేళ్లు ఉన్నాను. విదేశాల నుంచి సాయానికి వచ్చే జట్లని చూసుకునే బాధ్యత కూడా నా నెత్తినే పడేది. కాలేజీ పిల్లలు, కంపెనీల వాళ్లు, చర్చి బృందాలు, అప్పుడప్పుడు మీలాగా పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలు.

ముందు జూన్ గురించి. నేపాల్లో వానలు జూన్ రెండో వారం ప్రాంతంలో మొదలై సెప్టెంబరు చివరిదాకా పడతాయి. 2024 జులై 12 తెల్లవారుజామున చిత్వన్ జిల్లా సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి, అరవై మందికి పైగా ఉన్న రెండు బస్సులు త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి. అది మారుమూల మట్టిదారి కూడా కాదు, ప్రధాన రహదారి. మీ బడి ఉండే ఊరికి వెళ్లే దారి దానికన్నా బాగుంటుందని అనుకోవడానికి కారణమేమీ లేదు.

రోడ్డు సంగతి అందరూ చెప్తారు. చాలామంది చెప్పని కారణం ఇంకోటుంది. జూన్ నెలాఖరు అక్కడ నాట్ల టైము. వాళ్ల అసార్ నెల 15వ తేదీని దేశమంతా వరినాట్ల రోజుగా జరుపుకుంటారు, బురదలో దిగి పెరుగు అటుకులు తింటారు. కొండ మీద అంచెలంచెలుగా ఉండే ఆ చిన్న చిన్న మడుల్లో వాన నీళ్లు నిలిచిన వారం పది రోజుల్లోనే నాట్లు పడాలి. ఊళ్లో తాపీ మేస్త్రీ, కూలీ, బడి కమిటీ అధ్యక్షుడు, అందరూ రైతులే. ఆ రోజుల్లో సైటు మీద మనిషి దొరకడు, దొరకాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు. ఆ సమయంలో మీకు రెండు వారాల కట్టుబడి పని చూపిస్తానని ఒక సంస్థ అంటోందంటే, ఆ పని ఊరికోసం కాదు, మీ కోసం పెట్టిన పని అయ్యుండాలి. పైగా వానాకాలంలో సిమెంటు బస్తాలు టార్పాలిన్ కింద పెట్టినా చెమ్మకి గడ్డకడతాయి. జలగల గురించి విడిగా రాయక్కర్లేదు, మీ పాప మళ్లీ జన్మలో కొండెక్కనంటుంది.

ఇక గోడ దగ్గరికి వద్దాం. అక్కడి బడి గోడ మీరు అనుకునే మామూలు గోడ కాదు. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూమి కంపించినప్పుడు మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. ఆ రోజు శనివారం. నేపాల్లో వారపు సెలవు శనివారమే కాబట్టి బళ్లలో పిల్లల్లేరు. ఆ ఒక్కరోజు తేడా లేకపోతే ఏమయ్యేదో అక్కడి టీచర్లు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. దాదాపు తొమ్మిది వేల మంది చనిపోయారు, ఏడు వేలకి పైగా బళ్లు కూలడమో పాడవడమో జరిగింది.

కూలినవాటిల్లో చాలామటుకు మట్టితో పేర్చిన రాతిగోడలు. ఆ గోడని రెండు పొరలుగా కడతారు. బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో రాళ్లముక్కలూ మట్టీ. రెండు వరసల్నీ కలిపి పట్టే పొడవాటి రాయి అక్కడక్కడా అడ్డంగా పడాలి. పడకపోతే కుదుపుకి గోడ పొట్ట ఉబ్బి రెండు పొరలూ చెరోవైపు విడిపోతాయి. దానికితోడు కిటికీ కింద ఒకటి, కిటికీల పైన ఒకటి, కప్పు కింద ఒకటి, బడి చుట్టూ నడుముపట్టీల్లాగా కాంక్రీటు బెల్టులు రావాలి. మూలల దగ్గర ఆ బెల్టులో చువ్వలు తెగకుండా తిరిగి అవతలి గోడలోకి వెళ్లాలి. కాఠ్మాండూ లోయలో అంతకుముందే ఇలాంటి జాగ్రత్తలతో పటిష్ఠం చేసిన పాత బళ్లు 2015లో నిలబడ్డాయి. అంటే ఏం చెయ్యాలో తెలియని సమస్య కాదు ఇది. తెలిసినవాళ్ల చేత చేయించాల్సిన పని.

ఒక చిన్న ముక్క చెప్తే మీకు అర్థమవుతుంది. స్తంభంలో నిలువు చువ్వల చుట్టూ రింగులు కడతాం కదా. ఆ రింగు రెండు కొసలూ లోపలికి, కాంక్రీటు మధ్యలోకి వంగాలి, 135 డిగ్రీలు. వంచడం కష్టం, మణికట్టు నొప్పెడుతుంది. 90 డిగ్రీలకి వంచి వదిలేస్తే సుఖం. పైన కాంక్రీటు పడ్డాక ఏది ఎలా వంచారో ఎవరికీ కనపడదు. మామూలు రోజుల్లో ఏ తేడా ఉండదు కూడా. భూమి కదిలినప్పుడు పైన ఉన్న కాంక్రీటు పెచ్చు రాలిపోయి, ఆ కొస విచ్చుకుని, లోపలి చువ్వలు బయటికి ఉబ్బుతాయి. ఆ తర్వాత స్తంభం లేదు. ఒక విదేశీ జట్టు ఉత్సాహంగా పొద్దుటి నుంచి రింగులు వంచింది. సాయంత్రం నేను ఒక్కో రింగూ చేత్తో తడిమి చూస్తే సగానికి పైగా 90 డిగ్రీలకి వంచి వదిలేసినవే. వాళ్ల తప్పు లేదు, కాలేజీలో చదువుకునే పిల్లలు, అంతకుముందు చువ్వ పట్టుకున్నవాళ్లు కాదు. ఆ రింగులన్నీ పక్కన పడేయించాను.

అక్కడ మేస్త్రీ ఉన్నాడు కదా, ఆయన చూసుకోడా అంటారేమో. చూశాడు. నోరు విప్పలేదు. అతిథి తప్పు చేస్తుంటే కొండ ఊరి మేస్త్రీ వద్దని చెప్పడు. అందులోనూ ఆ అతిథి డబ్బులు తెచ్చినవాడు, మెళ్లో ఖాదా అనే తెల్లటి కండువా కప్పి, నుదుట బొట్టు పెట్టి ఊరంతా ఎదురొచ్చి తీసుకొచ్చినవాడు. మాలు కలిపేటప్పుడు పార తిరగడం లేదని వచ్చినవాళ్లు ఇంకో రెండు మగ్గులు నీళ్లు పోస్తారు, కాంక్రీటు జావలా అవుతుంది, మేస్త్రీ నవ్వుతూ నిలబడతాడు. అదే పని వాళ్ల కూలీ చేస్తే తిట్టి పార లాక్కునేవాడు. అంతా అయ్యాక ఆ కాంక్రీటు కింద కూర్చునేది ఆ మేస్త్రీ పిల్లలే.

ఇంకో కోణం నుంచి చూడండి. మీది ఖమ్మం వైపు పల్లె అని రాశారు. మీ ఊరి బడికి కొత్త గదులు కడుతుంటే, తాపీ ఎప్పుడూ పట్టని ఓ జర్మన్ కుటుంబం పిల్లలతో వచ్చి గోడ కడతానంటే మీ బాబాయిలు ఏమంటారు? టీ ఇచ్చి, ఫొటో దిగి, పని మాత్రం మేస్త్రీకి అప్పజెప్పమంటారు. నేపాల్ ఊళ్లలోనూ మనసులో అనుకునేది అదే, పైకి అనరు.

అక్కడ కొరత మనుషులకి కాదు. కొరత కూలి డబ్బులకి, స్టీలుకి, కొండమీదికి సామాను మొయ్యించే ఖర్చుకి, వారానికోసారైనా వచ్చి చూసే ఇంజనీరుకి. రోడ్డు ఆగిపోయిన చోట నుంచి సిమెంటు బస్తా మనిషి వీపు మీద ఎక్కుతుంది. డోకో అని ఒక వెదురు బుట్ట, దానికి నుదుటి మీదుగా వేసుకునే నామ్లో అనే పట్టీ. యాభై కిలోల బస్తా అలా గంటన్నర మోస్తే, ఆ మోతకూలీ కలుపుకుని బస్తా ధర కాఠ్మాండూ ధరకి ఎక్కడా పోలిక ఉండదు. అంచనాలు తలకిందులయ్యేది అక్కడే.

మీ లెక్క వేసి చూద్దాం. నలుగురికి 4,800 డాలర్లు. విమానం టికెట్లు వేరే. నేను చూసిన ఊళ్లలో మంచి మేస్త్రీ రోజుకూలి నేపాలీ రూపాయల్లో పదిహేను వందల దరిదాపుల్లో ఉండేది (మన రూపాయికి వాళ్లది 1.60, ఆ మారకం స్థిరం). ఆ లెక్కన మీ ప్యాకేజీ డబ్బుతో నాలుగు వందలకి పైగా మేస్త్రీ పనిదినాలు వస్తాయి. మీరు నలుగురూ రెండు వారాలు వానలో చేసే పనికి, ఇద్దరు మేస్త్రీలు ఆర్నెల్లకి పైగా చేసే పనికి పోలికే లేదు. అయితే డబ్బు పంపేసి ఇంట్లో కూర్చోమని చెప్పడం లేదు నేను. పిల్లలు చూడాలి, తెలుసుకోవాలి అన్న మీ కోరిక మంచిదే. కాకపోతే బడి కట్టే డబ్బు వేరు, పిల్లలకి లోకం చూపించే ఖర్చు వేరు. రెండూ ఒకే రసీదులో కలిపేసే సంస్థని గట్టిగా అడగండి, ఇందులో ఎంత బడికి, ఎంత మా తిండికి, ఎంత మీ ఆఫీసుకి అని. చెప్పగలిగినవాళ్లు వెంటనే చెప్తారు.

కుటుంబంతో వెళ్లి బళ్లు కట్టడం అనగానే నేపాల్లో అందరూ ముందు చెప్పేది ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ పేరు. 1961లో ఎవరెస్టు దగ్గరి ఖుమ్‌జుంగ్‌లో బడి కట్టించాడు. ఆయన తనంతట తాను ఊహించుకుని కట్టింది కాదు, షెర్పాలు మాకు బడి కావాలని అడిగితే కట్టింది. 1964లో లుక్లాలో విమానాలు దిగే స్ట్రిప్ వేయించింది కూడా, ఇప్పుడు అందరూ అనుకుంటున్నట్టు ఎవరెస్టు చూసేవాళ్ల కోసం కాదు, ఈ బళ్లకీ ఆస్పత్రికీ సామాను చేరవెయ్యడానికి. 1966లో ఖుండే ఆస్పత్రి వచ్చింది. భార్య లూయీజ్, పిల్లలు ఆ పనుల్లో ఆయనతోపాటు కొండల్లో గడిపారు. 1975 మార్చి 31న ఫాప్లూలో ఆస్పత్రి కట్టిస్తున్న ఆయన దగ్గరికి బయల్దేరి, కాఠ్మాండూ నుంచి లేచిన చిన్న విమానం కూలి లూయీజ్, చిన్న కూతురు బెలిండా చనిపోయారు. ఆయన ఆ తర్వాత కూడా పని ఆపలేదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఊరు అడిగిన పని అవడం ఒకటి, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లడం ఒకటి. ఆ రెండూ ఉన్నచోట కుటుంబం ఉండటానికి అర్థం ఉంది. కొండల్లో ప్రయాణం ప్రమాదం కూడా నిజమే, దాన్ని పిల్లలతో ఆటగా తీసుకోవద్దు.

మన స్థాయిలో బాగా జరిగిన ఒక ఉదాహరణ చెప్తాను. వైజాగ్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఆయనది షిప్‌యార్డులో ఎలక్ట్రికల్ పని, ఆవిడ ప్రభుత్వ బడిలో లెక్కల టీచరు, అబ్బాయి ఇంటర్. వచ్చే ముందే నాతో ఫోన్లో చాలాసేపు మాట్లాడారు, ఏం కావాలి అని. మేం కడుతున్న బడిలో కంప్యూటర్ల గది ఉంది, కానీ ఆ కొండ మీద పిడుగులెక్కువ, ఎర్తింగ్ సరిగ్గా లేదు. ఆయన ఆ పని తీసుకున్నాడు. మనిషి లోతు గుంట తవ్వించి, పైపు దింపి, చుట్టూ బొగ్గు ఒక పొర ఉప్పు ఒక పొర వేయించి, మీటరు పెట్టి కొలిచి చూపించాడు. అంతకన్నా నాకు నచ్చిందేంటంటే, ఊళ్లో వైరింగ్ పని చేసుకునే ఇద్దరు కుర్రాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని రెండో గుంట వాళ్ల చేతే చేయించాడు. అన్నా అన్నా అంటూ వాళ్లు ఆయన వెనకే తిరిగేవాళ్లు, భాష హిందీ కొంచెం, చేతి సైగలు కొంచెం.

ఆవిడ తరగతిలోకి వెళ్లి పాఠం చెప్పలేదు. రెండు వారాల కోసం వచ్చి పాఠం చెప్పడం పిల్లల చదువుకి అడ్డమే అని ఆవిడే అంది. సాయంత్రాలు లెక్కల టీచర్లిద్దరితో కూర్చుని, భిన్నాలు చెప్పడానికి గింజలూ తాళ్లతో తను మన పిల్లలకి ఏం చేయిస్తుందో చూపించింది, వాళ్లేం చేస్తారో నేర్చుకుంది. నేపాలీల తిహార్ పండగ, అంటే వాళ్ల దీపావళి, అయ్యాక నవంబరులో వచ్చారు కాబట్టి ఆకాశం తేటగా ఉంది, టీచర్లంతా ఊళ్లో ఉన్నారు, పొలం పని తగ్గింది. ఆ టీచర్లతో ఆవిడ ఇప్పటికీ వాట్సాప్‌లో మాట్లాడుతుందని విన్నాను.

మరి పిల్లలేం చెయ్యొచ్చు? మీ బాబు, 9 ఏళ్లవాడు, కట్టుబడి జరిగే చోటికి రాకూడదు. పాప కూడా అంతే. ఇళ్లు కట్టడంలో ప్రపంచమంతా పేరున్న హాబిటాట్ సంస్థ అమెరికాలో పని జరుగుతున్న సైటు మీదికి 16 ఏళ్లలోపు వాళ్లని రానివ్వదు. అమెరికా కార్మిక చట్టంలో 18 లోపు పిల్లల్ని కప్పు పని, తవ్వకం పని, కూల్చే పనిలో పెట్టకూడదు. మీ పాపని డల్లాస్‌లో ఎక్కనివ్వని పరంజా గోర్ఖాలో ఎలా ఎక్కుతుంది? "సాహసం" అని రాసిన బ్రోచర్లు ఈ మాట చెప్పవు.

15 ఏళ్ల పిల్ల చెయ్యగలిగే, నిజంగా అవసరమైన పనులు చాలా ఉన్నాయి. ఇసుక పరీక్ష ఒకటి. గాజు సీసాలో సగం దాకా ఇసుక పోసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి, బాగా కుదిపి రాత్రంతా కదపకుండా ఉంచితే, పొద్దున్నకి ఇసుక అడుగున, మట్టి దాని మీద పొరగా తేరుతుంది. ఆ పొర మందాన్ని స్కేలుతో కొలిచి, ఏ లోడు ఇసుకో తేదీ వేసి పుస్తకంలో రాయాలి. నది నుంచి వచ్చే ప్రతి లోడుకీ ఇది చెయ్యాలి, మాకెప్పుడూ దానికి మనిషి దొరికేవాడు కాదు. పోసిన కాంక్రీటుకి కనీసం వారం రోజులు నీళ్లు పట్టాలి కదా, ఏ గది బెల్టుకి ఏ రోజు ఎన్నిసార్లు నీళ్లు పట్టారో రాసే పుస్తకం ఇంకోటి. ఇవి పైకి చిన్న పనుల్లా కనిపిస్తాయి కానీ బడి గట్టితనం ఇక్కడే ఉంది. కట్టడం పూర్తయిన గదుల్లో రంగు వెయ్యడంలో ఇద్దరూ సాయం పట్టొచ్చు, డబ్బా మీద సీసం లేదని రాసుందో లేదో చూసి మరీ. నేపాల్లో పెయింట్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని నిబంధన ఉంది. గ్రంథాలయం పుస్తకాలకి అట్టలు, నంబర్లు. ఇక మీ బాబు చేసేదేముంది, ఊరి పిల్లలతో వాలీబాల్ ఆడతాడు. అది చాలు.

సంస్థని ఏం అడగాలి. ఆ బడి స్థలం ఎవరి పేరున ఉంది, లాల్‌పుర్జా, అంటే భూమి పత్రం, బడి పేరు మీద ఉందా? గావ్‌పాలిక, అంటే అక్కడి గ్రామ పాలక సంస్థ, కార్యాలయం ఆ డ్రాయింగుకి ఒప్పుకుందా, సంతకం పెట్టిన ఇంజనీరు ఎవరు? బడి నడిపే కమిటీ అధ్యక్షుడితో ఒకసారి ఫోన్లో మాట్లాడనిస్తారా? కట్టాక టీచర్ల జీతం ఎవరిది? దాతల డబ్బుతో గోడలు లేచి, టీచరు లేక మేకలు పడుకునే గదులు నేను చూశాను. అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: వాలంటీర్లు ఎవరూ రాని నెలల్లో అక్కడ పని నడుస్తుందా ఆగుతుందా? వచ్చే జట్టుకి పని ఉండాలని ఒక గోడని సగంలో వదిలేసి కూర్చున్న సైటు నా కళ్లారా చూశాను. ఊరి పిల్లలు ఆ ఏడాదంతా రేకుల షెడ్డులో చదివారు.

ప్యాకేజీలో "అనాథాశ్రమ సందర్శన" ఉంటే ఇంకేమీ అడక్కుండా ఆ సంస్థని వదిలెయ్యండి. ఇది మొహమాటపడే విషయం కాదు. విదేశీయులు వచ్చి ఆడించి, ఏడ్చి, డబ్బులిచ్చి వెళ్తుంటారని తల్లిదండ్రులున్న పిల్లల్ని కూడా కొండ ఊళ్ల నుంచి తెచ్చి టూరిస్టు ఊళ్లలోని హోముల్లో పెట్టడం నేపాల్లో జరిగింది, దాని మీద చాలా రాశారు. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వంపై చట్టం తెచ్చేటప్పుడు ఈ అనాథాశ్రమాల అక్రమ రవాణాని కూడా అందులో భాగంగా గుర్తించింది. అలాగే వచ్చేవాళ్ల నేరచరిత్ర చూడకుండా పిల్లల దగ్గరికి పంపే సంస్థ మీ పిల్లల్ని కూడా అంతే జాగ్రత్తగా చూస్తుంది.

కాగితాల గురించి త్వరగా. మీ పాస్‌పోర్టు ఏ దేశానిదో రాయలేదు కాబట్టి రెండూ చెప్తాను. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి నేపాల్ వీసా అక్కర్లేదు. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి కావాలి, విమానాశ్రయంలో దిగాక ఇస్తారు, 15 రోజులకి 30 డాలర్లు, 30 రోజులకి 50. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి భారత్ ఇచ్చేది) అక్కడ వీసాకి బదులు పనికిరాదు, ఈ సంగతి తెలియక క్యూలో వాదించేవాళ్లని చాలామందిని చూశాను. టూరిస్టు వీసా మీద జీతం తీసుకోకపోయినా పని చెయ్యకూడదన్నది అక్కడి నిబంధన, కాబట్టి మీ పిల్లల పేరు మీద సంస్థ ఏ అనుమతి తీసుకుంటోందో రాతపూర్వకంగా అడగండి. మీది హెచ్-1బీ అయ్యి, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయి ఉంటే, పనిలో పని కాఠ్మాండూలో వేయించుకుందాం అన్న ఆలోచన పెట్టుకోకండి, ఇప్పుడు సొంత దేశంలోనో నివాసముండే దేశంలోనో వేయించుకోమంటున్నారు.

ట్రావెల్ ఇన్సూరెన్సు కాగితం చిన్న అక్షరాల్లో చదవండి. చాలా పాలసీల్లో కట్టుబడి పని చేస్తూ దెబ్బ తగిలితే వర్తించదు. హెలికాప్టర్‌లో దింపే ఖర్చు ఉండాలి. టీటీ, టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాలు, కుక్కల బెడద ఉంది కాబట్టి రేబీస్ గురించి మీ డాక్టరుతో ఒక మాట. నీళ్లు మరిగించినవే. పదిహేను వందలు, రెండు వేల మీటర్ల ఎత్తు ఊళ్లలో ఎత్తువల్ల వచ్చే జబ్బు భయం ఉండదు. డబ్బు ఇచ్చేటప్పుడు అమెరికాలో పన్ను మినహాయింపు కావాలంటే అక్కడ నమోదైన ధర్మసంస్థ ద్వారానే ఇవ్వాలి, నేపాల్ సంస్థకి నేరుగా పంపితే మినహాయింపు రాదు.

నా సలహా ఇదీ. జూన్లో ఎలాగూ వస్తున్నారు, మన బళ్లు జూన్ రెండో వారంలో తెరుస్తారు, మీ ఊళ్లోనే ఉండండి. తెలంగాణలో బడి మరమ్మతులు ఇప్పుడు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల చేతుల్లో ఉన్నాయి, మహిళా సంఘాల వాళ్లే ఉంటారు అందులో. మీ పిన్నిగారో అత్తగారో ఒకరు ఉండే ఉంటారు. వెళ్లి ఏం కావాలో అడగండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ. భాష వచ్చిన చోట ఊరి పెద్దలతో ఎలా మాట్లాడాలో, ఎప్పుడు నోరుమూసుకుని వినాలో పిల్లలకి అక్కడ అర్థమవుతుంది. డిసెంబరులో నేపాల్ వెళ్లండి. గోర్ఖానే కానక్కర్లేదు. 2023 నవంబరు 3 రాత్రి వచ్చిన భూకంపంలో 150 మందికి పైగా పోయిన జాజర్‌కోట్, పశ్చిమ రుకుమ్ వైపు ఇంకా పని ఉంది, కానీ దూరం చాలా ఎక్కువ, దారి కష్టం. మొదటిసారి పిల్లలతో అయితే కాఠ్మాండూ నుంచి ఒక్కరోజులో చేరే ఊరే మేలు.

మీరు ఏం ఉద్యోగం చేస్తారో, మీ ఆవిడ ఏం చేస్తారో రాయండి, ఏ పని పనికొస్తుందో చెప్పగలను. ఆ సంస్థని డ్రాయింగ్ అడిగి తెప్పించి ఇక్కడ పెట్టండి, చూస్తాను. గోడ బెల్టులు, మూలల దగ్గర చువ్వల వివరం ఉన్న పేజీ ముఖ్యంగా. ఆ పేజీ లేదంటే ఇక వేరే సంస్థని చూసుకోండి.